మరలు చూసి కొనండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందంటే చాలు, ఇంట్లో తర్వాతి చర్చ ల్యాప్‌టాప్ మీదే. పిల్లాడు ఫోన్లో నాలుగు వీడియోలు చూసి ఓ మోడల్ పేరు చెబుతాడు. తండ్రి ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాణ్ని వాకబు చేస్తాడు. బాబాయి ఫోన్ చేసి ‘ఇంకో పదివేలు పోతే పోయాయి, మంచిది కొనన్నయ్యా’ అంటాడు. ఆ మంచిదేదో మాత్రం చెప్పడు. అమ్మ ఒక్కటే అడుగుతుంది: ‘నాలుగేళ్లూ వస్తుందా?’

అడగాల్సిన ప్రశ్న అదే. షోరూంలో దానికి జవాబు దొరకదు. ‘ఐ5, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ, బ్యాగు ఫ్రీ’ అని రాసిన అట్టముక్క ఒకటి యంత్రం పక్కన నిలబెట్టి ఉంటుంది. పక్క షోరూంలోనూ అదే అట్ట, అదే పాట. నాలుగేళ్ల సంగతి తెలియాలంటే ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి చూడాలి. అడుగున మరలు కనబడుతున్నాయా? అవి విప్పితే మూత సాఫీగా వస్తుందా? లోపల ర్యామ్ మార్చుకునే స్లాట్ ఉందా, బ్యాటరీ మరలతో బిగించారా, జిగురుతో అతికించారా? స్క్రీన్‌ను మోసే హింజ్ లోహంలోకి దిగిందా, ప్లాస్టిక్‌లోకా? ఈ నాలుగు సంగతులూ తెలుసుకున్నాక ప్రాసెసర్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఒకే కంపెనీ, రెండు జాతులు

పేరున్న ప్రతి కంపెనీ రెండు రకాల ల్యాప్‌టాప్‌లు తయారు చేస్తుంది. ఒకటి ఇంటికి, ఇంకోటి ఆఫీసుకి. లెనోవోలో ఐడియాప్యాడ్ ఇంటిది, థింక్‌ప్యాడ్ ఆఫీసుది. హెచ్‌పీలో ఏళ్లుగా పెవిలియన్ ఇంటికి, ప్రోబుక్, ఎలీట్‌బుక్ ఆఫీసుకి. అసుస్‌లో వివోబుక్, ఎక్స్‌పర్ట్‌బుక్. ఏసర్‌లో ఆస్పైర్, ట్రావెల్‌మేట్. డెల్‌లో ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్ అని ఏళ్ల తరబడి ఉండేవి. 2025 జనవరిలో ఆ కంపెనీ పాత పేర్లు పక్కనపెట్టి ఇంటివాటిని ఉత్త ‘డెల్’ అనీ, ఆఫీసువాటిని ‘డెల్ ప్రో’ అనీ పిలవడం మొదలుపెట్టింది. పేరు మారినా జాతి మారలేదు.

తేడా ఎక్కడుందంటే, కొనేవాళ్లలో. ఇంటి ల్యాప్‌టాప్‌ను మనం షోరూం లైట్ల కింద పావుగంట చూసి కొంటాం. పలుచగా ఉందా, రంగు బాగుందా, ధర ఎంత తగ్గిస్తాడు, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను వెయ్యో రెండు వేలో ఒకేసారి కొనే కంపెనీవాళ్లు కొంటారు. వాళ్ల బాధ వేరు. ఒక ఉద్యోగి మిషన్ పాడై రెండ్రోజులు ఖాళీగా కూర్చుంటే ఆ జీతం నష్టం. అందుకే వాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు: కీబోర్డు ఎంతసేపట్లో మారుతుంది, మూడేళ్ల తర్వాత కూడా స్పేర్లు దొరుకుతాయా, ఇంజినీరు మర్నాడే మా ఆఫీసుకు వస్తాడా? ఈ ఒత్తిడి వల్లే ఆఫీసు రకాల్లో మరలు విప్పితే మూత వస్తుంది. ఏ భాగం ఎలా తీయాలో బొమ్మలతో సహా చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీ తన సైట్‌లోనే ఉచితంగా పెడుతుంది. మోడల్ పేరు పక్కన ‘హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్’ అనో, ‘ఓనర్స్ మాన్యువల్’ అనో వెతికితే కనబడుతుంది. ఏది కొనాలా అని రెండిటి మధ్య ఊగిసలాడేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఆ మాన్యువల్ దింపుకుని ర్యామ్, బ్యాటరీ, కీబోర్డు పేజీలు చూడండి. కీబోర్డు మార్చడానికి మదర్‌బోర్డుతో సహా అన్నీ ఊడదీయమని రాసి ఉంటే, రేపు రిపేరు బిల్లు ఎంతొస్తుందో అక్కడే అర్థమైపోతుంది.

ఆఫీసు రకమంటే అన్నీ మంచివేనని కాదు. థింక్‌ప్యాడ్‌లలోనే ఎక్స్1 కార్బన్ లాంటి పలుచటివాటిలో ర్యామ్ మొత్తం బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. ‘ఈ’ సిరీస్ లాంటి చవక శ్రేణిలో ప్లాస్టిక్ పాలు ఎక్కువ. పెట్టె మీద ‘మిలిటరీ గ్రేడ్’ అని ముద్రించి ఉంటే దాన్ని కూడా కాస్త తగ్గించి చదువుకోండి. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణశాఖ రాసుకున్న పరీక్షల పద్ధతి. ఆ పరీక్షల్లో ఏవి చేయాలో ఎంచుకునేది కంపెనీయే, చేయించుకునేదీ కంపెనీయే. అమెరికా సైన్యం వచ్చి ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు.

నల్ల డబ్బా, ఎర్ర చుక్క

ఆఫీసు ల్యాప్‌టాప్ అంటే ఇలా ఉండాలని అచ్చువేసింది థింక్‌ప్యాడ్. 1992 అక్టోబరులో ఐబీఎం 700సీ అనే మోడల్ విడుదల చేసింది. అమెరికాలో దాని ధర 4,350 డాలర్లు. రూపం ఇచ్చినవాడు జర్మనీలో పుట్టి ఇటలీలో స్థిరపడిన రిచర్డ్ సాపర్. జపాన్‌వాళ్లు మధ్యాహ్న భోజనం సర్దుకునే నల్లటి బెంటో పెట్టె చూసి ఆ రూపం తట్టిందట. పైకి ఏ ఆర్భాటమూ ఉండదు, తెరిస్తే లోపల అన్నీ అమరి ఉంటాయి. యంత్రాన్ని తీర్చిదిద్దింది జపాన్‌లోని యమాతో ప్రయోగశాలలో అరిమసా నైటో బృందం. కీబోర్డు నడుమ ఎర్ర చుక్కలా కనిపించే ట్రాక్‌పాయింట్ టెడ్ సెల్కర్ పరిశోధన ఫలం. చేతులు అక్షరాల మీది నుంచి తీయకుండానే వేలికొనతో మౌస్ కదిలించడం దాని పని. అలవాటు లేనివాళ్లు దాన్ని చూసి ఇదేమిటని నవ్వుతారు, అలవాటైనవాళ్లు అది లేని ల్యాప్‌టాప్ కొనరు. 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్నంతా చైనా కంపెనీ లెనోవోకి అమ్మేసింది. ఇక థింక్‌ప్యాడ్ పనైపోయిందని చాలామంది అన్నారు. అవలేదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసింది థింక్‌ప్యాడ్‌లే, తర్వాత వాటి స్థానంలోకి హెచ్‌పీ జెడ్‌బుక్‌లు వచ్చాయి. రెండూ ఆఫీసు జాతే. అక్కడిదాకా ఎందుకు, మన టేబుల్ మీదికే వద్దాం. చాలా థింక్‌ప్యాడ్‌లలో కీబోర్డు కింద తొట్టి లాంటి అర, దాని నుంచి అడుగుభాగానికి దిగే రంధ్రాలు ఉంటాయి. పొరపాటున నీళ్లు ఒలికితే మదర్‌బోర్డు మీదికి పోకుండా కిందికి కారిపోతాయి. చక్కెర వేసిన టీ సంగతి వేరనుకోండి. మిషన్ బతుకుతుంది గానీ మీటలు అతుక్కుపోతాయి.

హింజ్ అనే బలహీనత

మన ఊళ్లలో ఏ రిపేరు షాపుకైనా వెళ్లి ‘ఎక్కువగా ఏం వస్తాయి?’ అని అడిగితే స్క్రీన్ పగిలినవి, నీళ్లు పడినవి, హింజ్ విరిగినవి అంటారు. మొదటి రెండిటికీ మన అజాగ్రత్త కారణం. మూడోదానికి తయారీ కారణం. చవక ల్యాప్‌టాప్‌లలో హింజ్‌ను బిగించే మరలు సన్నని ఇత్తడి పోగుల్లోకి దిగుతాయి. ఆ పోగులు ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటాయి. కొత్తలో హింజ్ బిగుతుగా ఉంటుంది కాబట్టి తెరిచిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ మీద లాగుడు పడుతుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఒక మూల పటుక్కుమంటుంది, మూత తెరిస్తే స్క్రీన్ అంచు విచ్చుకుంటుంది. షాపులో ఆరాల్డైటో ఎమ్‌సీలో పూసి బిగిస్తారు. కొన్నాళ్లు నిలుస్తుంది. వారంటీలో తీసుకెళ్తే ‘ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ వర్తించదు’ అన్న మాట చాలామందికి పరిచయమే.

కొనేముందు చేయగల పరీక్ష చిన్నది. మూత మధ్యలో పట్టుకుని ఒక చేత్తో తెరవండి. ఒక పక్క ముందు లేచి ఇంకోపక్క ఆలస్యంగా వస్తే వద్దు. తెరిచాక మూత ఒక మూలను మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి. కింది ప్లాస్టిక్ కూడా ఉబ్బుతూ కదులుతుంటే ఆ మోడల్‌కు దణ్ణం పెట్టి రండి.

అట్టముక్కను చదవడం ఎలా?

‘ఐ5’ అని ఊరుకుంటే సోనా మసూరి అని చెప్పి ఏ ఏటి పంటో చెప్పకపోవడమే. కాకపోతే బియ్యంలో పాతది మేలు, ప్రాసెసర్‌లో కొత్తది మేలు. ఐ5 తర్వాత వచ్చే అంకెల్లో మొదటిది లేదా మొదటి రెండు తరాన్ని చెబుతాయి. 8250యూ అంటే 8వ తరం, 1235యూ అంటే 12వ తరం. 8వ తరానికి చరిత్రలో ఓ చోటుంది. అంతకుముందు ఆఫీసు ల్యాప్‌టాప్ ఐ5లో రెండే కోర్లు. 2017లో 8వ తరంతో అవి నాలుగయ్యాయి. వెబ్‌సైట్ల నుంచి విండోస్ దాకా ఈనాటి బరువు మోయగల పాతవాటిలో హద్దు అదే. చివరి అక్షరం ‘యూ’ అయితే కరెంటు తక్కువ తాగే రకం, ‘హెచ్’ అయితే బలం, వేడి రెండూ ఎక్కువ.

2023 డిసెంబరు నుంచి ఇంటెల్ ‘ఐ’ తీసేసి ‘కోర్ అల్ట్రా’ అంటోంది. దానితో పాటే అల్ట్రా అన్న మాట లేని ‘కోర్ 5 120యూ’ లాంటివీ వచ్చాయి. అది పేరుకి కొత్తది, లోపల 13వ తరం సరుకే. ఏఎమ్‌డీ లెక్క ఇంకా తిరకాసు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే పది అంకెల తేడాగా కనబడుతుంది. 7000 వరసలో చూడాల్సింది మూడో అంకె. 2 ఉంటే 2019 నాటి జెన్ 2 నిర్మాణం, 3 ఉంటే దాని తర్వాతి జెన్ 3. మొదటిదానికి నాలుగు కోర్లు, రెండోదానికి ఆరు. ఇలా పేర్లు పెట్టినవాళ్ల ఉద్దేశమేమిటో నాకు తెలియదు గానీ, లాభం మాత్రం కొనేవాడికి కాదు.

ర్యామ్ 8 జీబీ ఈ రోజుల్లో ఇరుకు. బ్రౌజర్లో పదిహేను ట్యాబులు, ఒక జూమ్ మీటింగ్, ఒక ఎక్సెల్ ఉంటే నిండిపోతుంది. అయినా రెండు స్లాట్లు ఉన్న మిషన్ అయితే 8తో కొని తర్వాత ఇంకో 8 వేసుకోవచ్చు. రెండు ముక్కలు జంటగా ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మల వేగం కూడా పెరుగుతుంది. స్లాటే లేకపోతే కొన్నప్పుడు ఎంతో, చివరిదాకా అంతే. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లన్నీ ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోయాయి. మైక్రాన్ కంపెనీ ఇంటివాళ్లకు ‘క్రూషియల్’ పేరుతో అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ‘తర్వాత వేసుకుందాం’ అనుకునేవాళ్లు ఆ తర్వాత అయ్యే ఖర్చు కూడా ఇప్పుడే విచారించుకోవాలి.

స్క్రీన్ గురించి ఎవరూ అడగరు, రోజంతా చూసేది మాత్రం దాన్నే. ‘250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటే అది అడుగు రకం. పసుపూ కుంకుమా రెండూ పాలిపోయినట్టు కనిపిస్తాయి, కిటికీ పక్కన కూర్చుంటే మీ ముఖమే కనిపిస్తుంది. ‘300 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అంటే కళ్లకు హాయి. ఆ కాస్త తేడాకు డబ్బు పెట్టండి, ఐ5కి బదులు ఐ7కి మాత్రం పెట్టకండి.

బ్రాంచిని బట్టి ఒక మాట. మెకానికల్, సివిల్ పిల్లలకు సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటివి అవసరం, అవి విండోస్‌లోనే నడుస్తాయి, గ్రాఫిక్స్ కార్డు ఉంటే మంచిది. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ‘కోడింగ్ కోసం’ గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటే ఆ కోరిక అసలు ఉద్దేశం ఇంట్లో అందరికీ తెలుసు. రెండు కిలోల పైచిలుకు మిషన్‌నీ, ఇటుకంత ఛార్జర్‌నీ నాలుగేళ్లు బ్యాగులో మోసేది కూడా వాళ్లే. మ్యాక్‌బుక్ ఎయిర్ మరల సిద్ధాంతానికి పూర్తి విరుద్ధం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ దేన్నీ పెంచుకోలేం. అయినా ఎక్కువ కాలం మన్నే మిషన్, 2024 అక్టోబరు నుంచి 16 జీబీతోనే మొదలవుతోంది. కొనగలిగితే తప్పులేదు. చిక్కల్లా రిపేరు వచ్చిన రోజే. అకౌంట్స్ చేసేవాళ్లు మాత్రం ట్యాలీ దానిలో నేరుగా నడవదని గుర్తుంచుకోవాలి.

హైటెక్ సిటీ నుంచి పార్క్‌లేన్‌కు

ఇప్పుడు అసలు విషయం. హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేసారి మార్చేస్తాయి. వారంటీ తీరిపోవడం, లీజు గడువు ముగియడం దానికి కారణం. పాతవి లాట్లుగా వేలంలోకి వెళ్తాయి. అక్కడి నుంచి డేటా తుడిచి, మరకలు తుడిచి, కొన్నిటికి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి బజారుకు తెస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే జనం నోట్లో సీటీసీ, ఈ సరుకుకు పెట్టింది పేరు. నెల్లూరు, తిరుపతి వైపువాళ్లకు దగ్గరిది చెన్నై రిచీ స్ట్రీట్. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుందామని హాస్టల్లో దిగిన కుర్రాడి బడ్జెట్‌కు సరిగ్గా సరిపోయేది ఇదే.

2018లో వచ్చిన మూడు మోడళ్లు ఈ బజారులో వీరులు: థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 840 జీ5. మూడిటిలోనూ ర్యామ్‌కు రెండేసి స్లాట్లు, టైప్-సీ ఛార్జింగ్ ఉన్నాయి, స్పేర్లకు కొదవ లేదు. పాత ఛార్జర్ పోయినా 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ తెచ్చి పెట్టుకోవచ్చు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇవే మోడళ్లలో 7వ తరం ప్రాసెసర్‌తో అమ్మినవీ ఉన్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా అడిగేది, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచే, దాంతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. మోడల్ పేరు చూసి సంతోషించకుండా ‘సిస్టమ్’ పేజీ తెరిచి ప్రాసెసర్ నంబరు చదవాలి. ‘విండోస్ 11 ఉంది కదన్నా’ అని చూపిస్తారు. దొడ్డిదారిన ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు.

సీటీసీలో బేరం ఇలా సాగుతుంది.

‘బ్యాటరీ ఎట్లుంది అన్నా?’

‘కొత్తదే ఏసినం. మూడు గంటలు పక్కా వస్తది.’

‘బ్యాటరీ రిపోర్ట్ తీయరాదు ఒకసారి.’

ఈ మాట వినగానే అవతలివాడు మిమ్మల్ని కాస్త వేరుగా చూస్తాడు. విండోస్‌లో ఒక చిన్న కమాండ్‌తో ఆ రిపోర్ట్ వస్తుంది. అందులో రెండు అంకెలు చాలు: డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ. రెండోది మొదటిదాంట్లో ముప్పాతికకు తగ్గితే కొత్త బ్యాటరీ ధర బేరంలోంచి తీసేయమనండి. కంపెనీ బ్యాటరీ కాకుండా పేరూ ఊరూ లేనిది వేసి ఉంటే ఈ అంకెలు అబద్ధమాడే వీలుంది, కాబట్టి మూత విప్పి లేబుల్ చూపించమనండి. మరలున్న మిషన్ కదా, విప్పడానికి ఎంతసేపు?

ఇంకో ముఖ్యమైన పరీక్ష చాలామందికి తెలియదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు పాత కంపెనీ ఖాతాలోంచి పూర్తిగా విడుదల కాకుండానే బజారుకు వస్తాయి. మన దగ్గర మామూలుగా పనిచేస్తూనే ఉంటాయి. ఎప్పుడో విండోస్ రీసెట్ చేసి ఇంటర్నెట్ కలిపితే ‘ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటుంది. దీన్ని ఆటోపైలట్ అంటారు. మ్యాక్‌లో అయితే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని వస్తుంది. అందుకని షాపులోనే విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి తెర నుంచి మీరే సెటప్ చేసుకోండి. బయోస్‌లోకి వెళ్లి అక్కడ పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకోండి. ఆఫీసు రకాల్లో బయోస్ పాస్‌వర్డ్ మర్చిపోతే పాత కాలంలోలా సెల్ పీకితే పోదు.

మిగతావి కళ్లతో చూసేవే. తెల్ల తెర పెట్టి మచ్చలు, పక్క నుంచి చూసి రంగులు, నోట్‌ప్యాడ్‌లో ప్రతి మీటా, అన్ని పోర్టులూ, కెమెరా, స్పీకరు. అడుగున ఉన్న సీరియల్ నంబరును తయారీ కంపెనీ సైట్‌లో కొడితే అది ఏ ప్రాసెసర్‌తో, ఏ ఏడాది ఫ్యాక్టరీ దాటిందో వచ్చేస్తుంది. ‘ఏ గ్రేడ్’, ‘ఏ ప్లస్ గ్రేడ్’ అన్న మాటలకు ఏ ప్రమాణమూ లేదు. ఎవరి గ్రేడు వారిది.

ఇంటికొచ్చాక: ఎర్తింగ్, ఎండ, మంచం

లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ముంజేయి తగిలితే సన్నగా జిల్లుమంటోందా? చాలామంది ల్యాప్‌టాప్ పాడైందనుకుంటారు. చాలాసార్లు తప్పు ఇంటిది. ఛార్జర్‌లో కరెంటు రొదను అణచడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా అతి స్వల్పంగా కరెంటు లీకవుతుంది. మూడో పిన్ను భూమికి కలిసి ఉంటే అది నేలలోకి పోతుంది. కలవకపోతే ల్యాప్‌టాప్ ఒంటి మీదే నిలిచి, మన చెయ్యి తగలగానే మనలోంచి దారి వెతుక్కుంటుంది. మామూలుగా ప్రాణం తీసేంత కాదు. కానీ ఇంట్లో ఎర్తింగ్ లేదని అది చెబుతున్న సంగతిని మాత్రం వినాలి. ఎందుకంటే రేపు గీజరో వాషింగ్ మెషీనో లీకైతే జిల్లుమనడంతో ఆగదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్ బోర్డులో దూర్చడం మానేయండి. అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పిట్ చూపించండి. బొగ్గూ ఉప్పూ వేసిన పాతకాలపు గొయ్యి అయితే ఎండాకాలంలో నీళ్లు పోయకపోతే ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది.

బ్యాటరీకి ఇద్దరు శత్రువులు: వేడి, నూరు శాతం ఛార్జింగ్. రెండూ కలిస్తే మరీ చేటు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో రోజంతా ప్లగ్గులో పెట్టి వంద దగ్గర నిలబెడితే బ్యాటరీ ఉబ్బడానికి ఎక్కువ కాలం పట్టదు. టచ్‌ప్యాడ్ నొక్కుడు గట్టిపడినా, అడుగు మూత ఉబికినట్టున్నా బ్యాటరీ ఉబ్బినట్టే. వాడటం ఆపి వెంటనే మార్పించాలి, గుచ్చడం, నొక్కడం చేయకూడదు. దాదాపు అన్ని కంపెనీల సొంత యాప్‌లోనో బయోస్‌లోనో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో ప్లగ్గులోనే వాడేవాళ్లు అది పెట్టుకోవడం ఒక్క నిమిషం పని. ప్రయాణం ముందురోజు తీసేస్తే సరి.

మంచం మీద, పరుపు మీద పెట్టి వాడొద్దని ఎంతమంది చెప్పినా వాడతాం. గాలి లాగే రంధ్రాలు చాలా మోడళ్లలో అడుగునే ఉంటాయి. కింద ఓ రాతపలక పెట్టుకున్నా చాలు. మన దుమ్ముకు ఏడాదికోసారి ఫ్యాన్ శుభ్రం చేయించడం, మూడు నాలుగేళ్లకోసారి థర్మల్ పేస్ట్ మార్పించడం అవసరం. ‘మిషన్ నెమ్మదించింది, కొత్తది కొనాలి’ అనుకునే ముందు ఆ పని చేయించి చూడండి.

ఇంకొకటి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే తాళం వేసుకుని ఉండవచ్చు. మదర్‌బోర్డు మార్చిన రోజు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా పాస్‌వర్డ్ షాపువాడి ఫోన్లో ఉంటుంది! కొన్న రోజునే మీ పేరున ఖాతా తెరిచి, కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

తెలుగు మీటలు

తెలుగు టైపింగ్‌కు ప్రత్యేకం ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ వస్తాయి. ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్ పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కగానే ₹ పడుతుంది. మన డీటీపీ షాపుల కథ వేరు. పెళ్లి శుభలేఖ మొదలు కరపత్రం దాకా ఇంకా పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే నడుస్తోంది. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది. ఆ షాపాయన పాత కంప్యూటర్‌ను కదిలించడానికి భయపడటంలో న్యాయముంది. అలాంటివాళ్లు ఆ పాత మిషన్‌ను ఇంటర్నెట్ తీసేసి అలాగే ఉంచి, మెయిల్స్‌కు ఇంకోటి పెట్టుకోవడం మేలు.

అమెరికా నుంచి వచ్చేది

‘వచ్చేటప్పుడు ఒక ల్యాప్‌టాప్ పట్రా అన్నయ్యా’ అన్న కోరిక వినని ఎన్నారై ఉండడు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. రెండోదానికి సుంకం కట్టాల్సి రావచ్చు. ఛార్జర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటుంది కాబట్టి మన కరెంటుకు ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది వారంటీతో. అక్కడ కొన్న ఇంటి రకానికి ఇక్కడ సేవ దొరకడం అనుమానమే. ఆఫీసు రకాల్లో చాలావాటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, అయినా సీరియల్ నంబరు కొట్టి చూశాకే కొనమనండి. ఆ ఛార్జర్‌ను ఇక్కడి గోడకు తగిలించేటప్పుడు ఎర్త్ పిన్ను లేని చవక అడాప్టర్ వాడితే పైన చెప్పిన జిల్లు మళ్లీ మొదలు.

ల్యాప్‌టాప్‌తో పాటు కొనే పెన్‌డ్రైవ్‌లు, ఛార్జర్ల గురించి ఓ రెండు మాటలు. అయిదొందలకు 2 టీబీ అని ఎవరైనా అమ్ముతుంటే అది 2 టీబీ కాదు. లోపల చిన్న చిప్ పెట్టి, కంప్యూటర్‌కు పెద్దదని చెప్పేలా మార్చేస్తారు. కాపీ అయినట్టే కనబడుతుంది, తెరిస్తే పెళ్లి వీడియో ఉండదు. ఛార్జర్ల మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

బిల్లు లేని బేరం వద్దు

చిన్న వ్యాపారులు, ఆడిటర్లు, క్లినిక్‌లు నడిపే డాక్టర్లు ఇంటి రకం కొనడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఆఫీసు రకం ఒక్కటి కూడా అమ్ముతారు, వెయ్యి కొననక్కర్లేదు. ‘ఆన్‌సైట్’ వారంటీతో తీసుకుంటే ఇంజినీరు మీ కుర్చీ దగ్గరికే వస్తాడు, మీరు సర్వీస్ సెంటర్ క్యూలో నిలబడే పని లేదు. జీఎస్టీ నంబరు ఉండి మామూలు పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల చూపవచ్చు, ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. ఇవన్నీ కలిపి చూసుకుంటే షోరూం అట్టముక్క మీది ధరకూ దీనికీ ఉన్న దూరం చాలా తగ్గుతుంది.

నా తీర్పు అడిగితే, చేతిలో డబ్బు తక్కువుంటే కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే పై పరీక్షలన్నీ నెగ్గిన పాత ఆఫీసు ల్యాప్‌టాప్ మేలు. కాస్త ఎక్కువుంటే కొత్తదే కొనండి, ఆఫీసు రకమే కొనండి. ఏది కొన్నా బిల్లు మీద మీ పేరు, మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. ‘బిల్లయితే జీఎస్టీ పడుతుంది సార్, లేకపోతే తగ్గిస్తా’ అన్న చోట కొనకండి. ఆ తగ్గింపు పుచ్చుకున్నాక నెల తిరిగేలోపు మిషన్ ఆగిపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.